ఇసుక డబ్బా

టికెట్ ముప్పై రూపాయలు, పిల్లలకు పదిహేను.
కిటికీ ఇవతల కూర్చుని చింపి ఇచ్చేది నేనే.
రైలు కదిలేది నా ముందు నుంచే,
పదకొండు నిమిషాలకు తిరిగొచ్చేదీ నా ముందుకే.
మధ్యలో ఊరేదీ లేదు.

ఇంజను మాత్రం ఉత్తది కాదు.
ఏదో కొండదారిలో రెండడుగుల పట్టాల మీద
కాఫీ మూటల్నీ దొరసానుల్నీ మోసుకుంటూ
మబ్బుల్లోకి ఎక్కిన ఇంజను.
ఆ లైను పీకేశాక
లారీలో పక్కకు పడుకోబెట్టి ఇక్కడికి తెచ్చారు,
చైత్రం నుంచే బండలు పెనాలయ్యే హైదరాబాదుకు.
ఆకుపచ్చ రంగేశారు, ఇత్తడి అంచులు తోమారు.
బాయిలర్లో ఇప్పుడు నీళ్లు లేవు, బ్యాటరీలున్నాయి.
గొట్టంలోంచి వచ్చేది
బరాత్‌లో పెళ్లికొడుకు గుర్రం ముందు వదిలే పొగ.
కూత కూడా రికార్డే.

కడుపు కింద ఒక పళ్ల చక్రం ఉంది.
కొండ మీద నడిమి పట్టాను కరిచి పట్టుకునేదట,
ఒక్కో పన్నూ దించుతూ, ఒక్కో పన్నూ విడుస్తూ.
ఇక్కడ నడిమి పట్టా లేదు.
"పండ్లున్నోనికి శనిగలు లేవంటే ఇదే బిడ్డా"
అంటాడు ఇన్నాసి మామ, దానికీ గ్రీజు పూస్తూ.

లాలాగూడ వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు ఫిట్టరు.
రిటైరయ్యాక కాంట్రాక్టు మీద ఈ బండి.
పొద్దున ఏడింటికి సైకిలు దిగి
లుంగీ మడిచి, ముందు చేసేది
ఇసుక జల్లెడ పట్టడం.
రేకు మీద పరిచి ఎండబెట్టి, చేత్తో నలిపి చూసి
చక్రాల పైనుండే డబ్బాలో పోస్తాడు.
"ఎందుకు మామా, అంతా చదునే కదా?"
"చదునని ఎవలన్నరు? బండ కాడ మూడు జానలు లేస్తది పట్ట.
నీకు కానరాదు. బండికి ఎరుకైతది."
ఇసుకకు పైసలివ్వనన్నాడు మేనేజరు కిషన్‌లాల్.
ఇసుక ఆగలేదు.

జనం వస్తారు.
యాకుత్‌పురా నుంచి డబ్బాల నిండా తహారీతో ఒక ఇల్లంతా,
ఉప్పల్ నుంచి స్కూలు పిల్లలు, తాడు పట్టుకుని వరసగా.
ఇరవై అడుగుల రేకు సొరంగంలో గొంతులు చించుకుంటారు.
ఫోటోలు దిగుతారు. ఎవరూ కిందికి వంగి చూడరు.

బోనాల ఆదివారం,
మధ్యాహ్నం మూడింటికి వాన దంచింది.
తగ్గీ తగ్గకముందే బండి బయల్దేరింది, నలభై ఒక్కమంది.
పదకొండు నిమిషాలు. పదిహేను.
గొడుగేసుకుని పట్టాల వెంట నడిచాను.

బండ దగ్గర నిలబడిపోయింది రైలు.
వేపాకు మెత్తి నునుపెక్కిన పట్టా మీద
చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతున్నాయి.
పెట్టెల్లో ఒకటే నవ్వులు. ఒక పిల్లాడు
"ఫిర్ సే! ఫిర్ సే!" అని చప్పట్లు.
మామ ముందు పొగ ఆపాడు. తర్వాత కూత ఆపాడు.
వాన చప్పుడు మాత్రం మిగిలాక
ఆ చిన్న పిడి వంచాడు.

పొడి ఇసుక
ముగ్గు పోసినట్టు సన్నగా జారింది పట్టా మీదికి.
చక్రం ఒకసారి జారి, ఒకసారి తడుముకుని,
కర్ర్‌ర్ మని పట్టుకుంది.
నలభై ఒక్కమందితో ఆ పాత ప్రాణం
మూడు జానలు ఎక్కింది.
ఎంతసేపు ఎక్కిందో! గొడుగు వాలిపోయి
నేను తడుస్తున్నానని కూడా తెలియలేదు.
మామ నవ్వలేదు. కిటికీలోంచి సగం వంగి
వెనక్కి చూశాడు,
కింద ఏదో లోయ ఉన్నట్టు,
చివరి పెట్టె కూడా వచ్చిందో లేదో అన్నట్టు.

సాయంత్రం లెక్క చూస్తున్నాను.
తడి లుంగీతోనే కిటికీ దగ్గర నిలబడి అడిగాడు:
"ఎంత లేటు?"
"ఇరవై రెండు నిమిషాలు."
"రాయి."

మా రిజిస్టర్లో తారీకు ఉంది, ట్రిప్పు నంబరుంది,
పెద్దలు, పిల్లలు, మొత్తం ఉన్నాయి.
లేటుకు గడి లేదు.
స్కేలు పెట్టి పక్కన ఒక గీత కొట్టాను.