పదమూడో గడి

మూడో పీరియడ్‌. ఐదో తరగతి, బి సెక్షన్‌.
ఫహాహీల్‌లో ఆ రోజు ఆకాశం
ఉతకని దుప్పటి రంగులో ఉంది.
చెప్పకుండా వెళ్ళాలి, అది రూలు.
చెప్పకుండానే వెళ్ళాను.
బూట్ల చప్పుడే నాకంటే ముందు వెళ్ళి చెప్పేసింది.

"కూర్చోండి సార్‌" అంది సలోమి టీచర్‌,
కొంగు పిన్ను ఒకసారి తడుముకుని.
చివరి వరసకు ముందు వరసలో
మోకాళ్ళు గడ్డానికి తగిలేంత చిన్న కుర్చీ.
ఒళ్ళో ఫారం. ఇరవై గడులు.
గడికి ఒకటి నుంచి ఐదు దాకా.

ఫారం గురించి ఒక మాట.
మొత్తం డెబ్బై అయితే అకామాకి ఇంకో రెండేళ్ళు.
కాకపోతే
జూన్‌లో లెక్క తేల్చి చేతిలో పెట్టే టికెట్టు, ఒకవైపుది.
ఈ సంగతి ఫారంలో ఎక్కడా ఉండదు.
అందరికీ తెలుసు.
ఊడ్చే మొయినుద్దీన్‌కి కూడా తెలుసు,
నేను ఏ గదిలో ఉంటే ఆ గది ముందు
చీపురు చప్పుడు కాకుండా ఊడుస్తాడు.

పాఠం: కోణాలు.
ఆమె తలుపు దగ్గరికి వెళ్ళి
వేలు పట్టేంత తెరిచింది. "ఇది?"
"లఘుకోణం!"
ఇంకొంచెం. ఇంకొంచెం.
దుమ్ముగాలి లోపలికొచ్చి
ముందు బెంచీ పుస్తకాల పేజీలు తిప్పేసింది.
గోడకు ఆనబోయేదాకా తోసి "ఇది?"
"అధికకోణం మిస్‌! అధిక వేడి కూడా!"
క్లాసంతా నవ్వింది.
నేను నవ్వలేదు. నవ్వుకు గడి లేదు.
ఏడు, క్రమశిక్షణ: మూడు.
తొమ్మిది, స్మార్ట్‌బోర్డు వాడకం:
తలుపుకు ప్లగ్గు ఉండదు కదా. ఒకటి.

తరవాత బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది.
ఎడమ అంచుకు ఒత్తుకుని, చీమల బారులా కిందికి దిగి,
చోటు చాలక తుడిచి,
మళ్ళీ ఆ ఎడమ సగంలోనే.
కుడి సగం తెల్లగా,
ఎవరూ దిగని బస్‌స్టాపులా.
పదమూడు, బోర్డు వినియోగం.
పదకొండేళ్ళ సర్వీసున్న మనిషి!
రెండు వేశాను.
పక్కన ఎర్రసిరాతో: స్థలం వృథా.
మొత్తం కూడాను.
అరవై తొమ్మిది.

లంచ్‌ బెల్లులో పిలిచి ఫారం చూపించాను.
ఆమె వేలు పదమూడు దగ్గర ఆగింది.
"మీరు కూర్చున్నారు కదా సార్‌, మీ వెనక జునైద్‌."
"అయితే?"
"పొట్టివాడు. మీ భుజం అడ్డమొచ్చి
కుడి సగం కనబడదు వాడికి.
లేపి చోటు మారిస్తే మీ ముందు బెదురుతాడు, అసలే నత్తి.
అందుకని ఇటే రాశాను."
వాదించినట్టు లేదు.
ఇంటి అడ్రసు చెప్పినట్టు చెప్పి
సంతకం పెట్టి
సగం తిన్న చపాతీ దగ్గరికి వెళ్ళిపోయింది.

రాయచోటిలో నేను పంతులుగా ఉన్నప్పుడు
ఇన్‌స్పెక్టరొకాయన వచ్చేవాడు.
క్లాసు గడప తొక్కేవాడు కాదు.
స్టాఫ్‌రూములో నాటుకోడి పులుసు తిని
"సంతృప్తికరం" అని రాసి పోయేవాడు.
ఆయన్ని తలుచుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో.
ఒకటి మాత్రం నిజం,
ఆయన ఏ పిల్లాడికీ అడ్డం కూర్చోలేదు.

బస్సులు కదలకముందు జునైద్‌ నోటుబుక్కు అడిగాను.
ఒక్క కోణం తప్పిపోలేదు.
పేజీ అడుగున పెన్సిల్‌తో ఒక వీపు.
నాదే. కాలరు దగ్గర మడతతో సహా.
మెడకీ భుజానికీ మధ్య వంపు గీసి
నూట పన్నెండు డిగ్రీలు అని వేశాడు.
కొలిచే వేశాడనుకుంటా.

రెండు కొట్టేసి ఐదు వేశాను.
అంకె మారిస్తే కారణం రాయాలట,
అందుకు ఇచ్చిన జాగా వేలెడు.
"నేను" అని రాశాను.

ఫారం ప్రిన్సిపల్‌ టేబుల్‌ మీద ఉంది.
ఇదేంటని ఆయన ఇంకా అడగలేదు.