మేకల నామారావు

మెట్టుగూడ మీసేవలో కుర్రాడు
నాన్న పేరు రెండుసార్లు అడిగాడు.
డెస్మండ్ మెక్‌నమారా.
"ఇంటిపేరు మేకలనా సార్?" అంటూ
జవాబు రాకముందే కొట్టేశాడు:
మేకల నామారావు.
నాన్న సరిదిద్దలేదు.
లాలాగూడ వర్క్‌షాప్‌లో ముప్పై నాలుగేళ్ళు
దేశమండు దొర అనిపించుకున్నవాడికి
ఇదొక లెక్కా.

ఇంట్లో మాత్రం ఆ పేరుకి వేరే మర్యాద.
గాజు వెనక, చెదలు ఒక మూల రుచి చూసి వదిలేసిన కాగితం మీద
ముత్తాత పాట్రిక్ చేతిరాత.
మెక్ అంటే కొడుకు.
తక్కినదంతా కలిపి సముద్రపు వేటకుక్క.
(కూతురికైతే మెక్ కాదట, నిక్ అనాలట.
అది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.)
ఐర్లండ్ పడమటి ఒడ్డున, క్లేర్ అనే చోట
పడవల ముందు మొరుగుతూ పోయిన ఆ పూర్వీకుణ్ణి
చిన్నప్పుడు హుస్సేన్ సాగర్ మీద వెతికేదాన్ని.
సాగరమన్నారు కదా.
గుర్రపుడెక్క తప్ప ఏమీ కనపడేది కాదు.

అమ్మ సువార్తమ్మ నవ్వేది:
"మేం ఉప్పులేటోళ్ళం.
ఉప్పు మా దగ్గరుంటే
మీకెక్కడి సముద్రం?"

హబ్సిగూడ ల్యాబ్‌లో అడిగింది ఉమ్మి మాత్రమే.
గొట్టం మీద నీలం గీత దాకా.
నాన్నకి నోరెండిపోయింది.
చింతకాయ తలుచుకో డాడీ, అన్నాను,
పచ్చిది, ఉప్పూ కారం అద్దింది,
బడి గేటు దగ్గర తట్టలోది.
నిండింది.

ఆరు వారాలకి వైజయంతి అనే అమ్మాయి
కాగితం తన వైపే తిప్పుకుని చదివింది.
తండ్రి నుంచి కొడుక్కే దిగే పోగొకటి ఉంటుందండీ,
అచ్చం ఇంటిపేరు లాగే.
మీ నాన్నగారిది హెచ్ అనే కొమ్మ.
ఇక్కడ చాలామందిలో ఉంటుంది. మా నాన్నలో కూడా.
అటు ఐర్లండ్ వైపుది ఆరు శాతం ఉంది గానీ
అది వాళ్ళమ్మ గారిది కావచ్చు.
నానమ్మ ఎనిడ్.
ఆవిడ పుట్టింటి పేరు
మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

బొల్లారం చర్చి రిజిస్టరు
పేజీకొక పురుగుతో తెరుచుకుంది.
1908, నవంబరు. బాప్తిస్మం.
మైకేల్. అంటే తాతయ్య.
తండ్రి: పాట్రిక్ మెక్‌నమారా, ఫైర్‌మన్.
తల్లి గడిలో అడ్డగీత.
వయసు: సుమారు రెండేళ్ళు.

సుమారు.
ఆ మాట దగ్గర వేలు ఆగిపోయింది.
కన్నవాడు ఎవడైనా సుమారు అంటాడా?

రిజిస్టరు ఇంకేమీ చెప్పదు.
నేను అల్లుకునేది నా ఇష్టం.
రెండు నెలల ముందేగా
మూసీ అఫ్జల్‌గంజ్ ఇళ్ళలోకి నడిచొచ్చింది.
మునిగిన గోడల మధ్య
బొగ్గు మసి చేతులాయన ఒకడు నడుంలోతులో,
కుక్క తన కూనని పళ్ళతో ఎత్తినట్టు
ఒక పిల్లాడి మెడ దగ్గర గుడ్డ పట్టుకుని...
లేదా ఏ సికింద్రాబాద్ ప్లాట్‌ఫారం మీదో,
నీళ్ళే లేని మామూలు మధ్యాహ్నం
ఒక చెయ్యి ఇంకో చేతికి ఇచ్చి ఉండొచ్చు.

ఆదివారం. వంటింట్లో నాన్న
బాల్ కర్రీకి ఖీమా ఉండలు చుడుతున్నాడు.
చెప్పాను. ముందు కొమ్మ సంగతి, తర్వాత గీత సంగతి,
సుమారు సంగతి చివర్న.
ఉండలు చుడుతూనే ఉన్నాడు,
ఒకటి మాత్రం మిగతావాటికన్నా పెద్దదైంది.

చాలాసేపటికి అడిగాడు:
"ఆ రాత్రి వాడు ఏ భాషలో ఏడ్చుంటాడు?
పాట్రిక్‌కి ఏం అర్థమై ఉంటుంది?"

అమ్మ గరిటె అందించింది. "ఉప్పు చూడు."
చూశాడు.
"కొంచెం తక్కువైంది," అన్నాడు
సముద్రపు వేటకుక్క కొడుకు.