ఒక మనిషి తక్కువ

ఫ్రిస్బీకి ఐదుగురు కావాల. నలుగురమే దిగేం
కళింగపట్నం ఇసకలో.
అసిరిగాడి బస్సు నరసన్నపేటలో ఆగిపోయిందంట.

పన్నెండు పన్నెండు. ఆఖరి పాయింటు.
నోట్లో ఉప్పు, పిక్కల్లో సీసం.
అవతలోళ్ళకి మారడానికి ముగ్గురున్నారు,
మాకు సముద్రం గాలుంది, అదీ ఎదురుగాలి.

ఢిల్లేశ్వరి ఇసకలో దొర్లి పట్టింది.
గెలిచేసేమని అరిచేం, ఎగిరేం.
రిఫరీ లేని ఆట.
లేవకుండానే అంది:
"కాదర్రా, మడమ గీత మీద పడింది."

డిస్కు వాళ్ళకిచ్చేసేం.
లోపల్లోపల తిట్టుకున్నాం కూడా.

వాళ్ళ చేతిలోంచి ఎలా జారిందో!
కూర్మారావు విసిరితే
నీళ్ళ మీదికి పోయి
ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరిగిందది.
పలాస జీడినూనె నల్లగా కరిచిన ఆ పదివేళ్ళూ
దాని అంచు మీద మూసుకున్నాయి.

ఈసారి ముందు కాళ్ళకేసి చూసుకుంది.
తర్వాతే అరిచింది.