బండి ఱ

సఖినేటిపల్లి రేవులో పంటు ఇంకా కదల్లేదు.
రెండు ఆటోలు, కొబ్బరిబొండాల వ్యాను,
మేత బస్తాల మీద నేను.
ఒళ్లో నోటుబుక్కు. అట్ట మీద ఉప్పుమరక,
అది ఈ తీరం ఉప్పు కాదు.

ఆరు వారాలు ఈక్వెడార్‌లో ఉండొచ్చాను.
పొద్దున్న భాష, మధ్యాహ్నం రొయ్యపిల్లల తొట్లు.
కింద రొట్టెల కొట్టు, పైన బడి;
మెట్లెక్కేసరికే ఆకలేసేది.
పక్కన కొరియా కుర్రాడు,
వెనకాల దేశాలు తిరుగుతున్న జర్మనీ నర్సు.
ఎందుకొచ్చారంటే వాళ్లు కొండలన్నారు, నాట్యమన్నారు.
నేను తెల్లమచ్చ అన్నాను. రొయ్యకొచ్చే తెగులు.
అందరూ నవ్వారు. పంతులమ్మ ఇనెస్ నవ్వలేదు.
వాళ్లాయనదీ చెరువేనట.
బోర్డు మీద ఆ రోజు మొదట రాసిన మాట అదే.

రెండోవారం ఓ సంగతి కనిపెట్టాను.
తువ్వాలుని వాళ్లు తొఆయా అంటారు,
బొత్తాన్ని బొతోన్,
సబ్బుని హబోన్, నోట్లో నురగ పొంగినట్టు.
పాఠం చెప్పినా గోడ కట్టినా
అక్కడ ఒకటే మాట: మాయెస్త్రో.
మా మేస్త్రీ గంగరాజు వింటే కూలి పెంచేస్తాడు.
ఏ ఓడవాళ్లు, ఎన్ని తరాల కింద, ఏ రేవులో దిగి
మా దండెం మీద ఆ తువ్వాలు ఆరేసి
తీసుకోకుండా పోయారో!

చిక్కల్లా ఒక్క అక్షరంతో.
'కుక్క'కి పెఱ్ఱో. 'కానీ'కి పెరో.
రాసుకున్నది: నిన్న వీధిలో ఒక కుక్క నన్ను తరిమింది.
చదివింది: నిన్న వీధిలో ఒక కానీ నన్ను తరిమింది.
బల్లలు చరిచి మరీ నవ్వారు.
ఆ రాత్రి అద్దె గదిలో అద్దం ముందు నాలుక ఆడిస్తుంటే
నాయనమ్మ గొంతు,
"అది మామూలు ర కాదే, బండి ఱ."
పలక మీద దిద్దించి, ఉమ్మి తడితో తనే చెరిపేసి,
"ఇప్పుడెవరూ రాయట్లేదులే" అన్న అక్షరం.
గుఱ్ఱం, గొఱ్ఱె, ఱంపం అనుకుంటూ పడుకున్నాను.
మర్నాడు బడిలో నా నోట్లోంచి
కంకర మీదికి బండి దిగింది.
"మీ భాషలో ఉందా ఇది?" అడిగాడు కొరియా కుర్రాడు.
ఉంది, అన్నాను. వాడం.

ఉండటానికి వాళ్లకి రెండు మాటలు.
ఏమిటో చెప్పడానికి ఒకటి, ఎక్కడో ఎలాగో చెప్పడానికి ఒకటి.
గోదారి నది: మొదటిది.
గోదారి ఎర్రగా ఉంది: రెండోది.
పరీక్షలో ఇచ్చింది ఇనెస్: చచ్చిపోయినదానికి ఏది?
మొదటిది రాశాను. ఎర్ర సిరాతో కొట్టేసింది.
చావు రెండోదట. అలిసిపోవడం, తడిసిపోవడం లాగా.
ఎందుకంటే భుజాలెగరేసి, "మేమలాగే అంటాం."

పోయిన వేసవి కేశవదాసుపాలెంలో
తెల్లారేసరికి తేలిపోయిన నాలుగెకరాల చెరువు.
నీళ్ల మీద తిప్పేసిన పొట్టలు. ఏరియేటర్లు ఇంకా తిరుగుతున్నాయి,
ఆపాలని ఎవరికీ తోచలేదు.
ఏడుకొండలు గారు గట్టున కూర్చుని
"పోయిందమ్మా" అన్నారు.
"లేదు" అనలేదు.
సీసాలో నీళ్లు పట్టుకుని లాబ్‌కి వచ్చేశానే గాని
ఆ మాట ఇన్నాళ్లూ నాకు పట్టలేదు.

పంటు కదిలింది. నడి గోదారి.
పోటు ఒకవైపు, ఇంజను ఒకవైపు.
ఇప్పుడు నాకు ఏ మాట?
తెలుగులో ఏదీ అక్కర్లేదు.
నేను, పంటు మీద. సరిపోయింది.

తాడుచుట్టలో ముడుచుకుని రేవు కుక్క.
ఎవరూ వినకుండా పిలిచాను, పెఱ్ఱో.
ఒక చెవి లేచింది.
టికెట్ల కుర్రాడు సింహాద్రి విననే విన్నాడు.
"ఏం భాషండీ అది?"
"తెలుగే. పాతది."
"అయితే చిల్లరివ్వండి," అన్నాడు.