సద్దు రాల్యా

అనంతపురం. భూగర్భజలాల ఆఫీసు, మేడమీది గది.
ఫ్యాను వేస్తే కాగితాలెగురుతాయని
ప్రతి టేబులు మీదా ఒక రాయి.
ఎప్పుడో బోరు వేసినప్పుడు
నూరడుగుల కిందినుంచి పైకొచ్చిన రాళ్లవి.

పొద్దున పదకొండుకు కలెక్టరేట్‌లో మీటింగు.
ముప్పై ఒక్క మండలాలు, ముప్పై ఒక్క చార్టులు.
ఒక్క నొక్కుతో రిపోర్టంతా దానికదే వస్తుందని
మాటిచ్చింది నేనే.
రాత్రి తొమ్మిదికి నొక్కాను.
అరవై పేజీలొచ్చాయి.
పట్టికలున్నాయి, శీర్షికలున్నాయి,
చార్టు ఉండాల్సిన చోట
సున్నం కొట్టి వదిలేసిన గోడ.

నా తెరమీద కనబడింది కదా ఇప్పుడే!
తప్పు జరిగిందని ఒక్క ఎర్ర ముక్కయినా రాయదు,
అంతా సవ్యమేనంటుంది కంప్యూటరు,
పెళ్లివారింట్లో ఉప్పు మరిచిన వంటవాడిలా.
గంటన్నరకు దొరికింది.
ముందు చూపించు, తర్వాత దాచు అని రాశాను.
చూపించగానే అది పలక తుడిచేసింది.
తుడిచిన పలకను
ఎంతో భద్రంగా, ముప్పై ఒక్కసార్లు దాచింది.
రెండు వరుసలు అటూ ఇటూ మార్చాను. అంతే.
ఏడుపు రావాల్సింది. టీ తాగాను.

ఇక పేర్లు.
గుమ్మఘట్ట గుమ్‌మఘట్‌ట అయింది,
రాయదుర్గం నడుం విరిగి రాయదుర్‌గం అయింది.
ఉరవకొండ ఒక్కటే బతికిపోయింది,
దానికి వత్తులు లేవు కాబట్టి.
తాళాలగుత్తితో వచ్చిన వాచ్‌మన్ మౌలాలి
భుజం మీదుగా తొంగిచూసి
"ఏంది మేడం, ఊర్లన్నీ కాళ్లిరగ్గొట్టుకున్యాయే" అన్నాడు.
కొత్త ఫాంటు వేశాను, అక్షరాలను అతికే పనిముట్టు వేశాను,
ఒక్కో ఊరూ లేచి నిలబడింది.

ఆ తర్వాతే చూశాను పదిహేడో పేజీ.

మా చార్టుల్లో సున్నా పైన ఉంటుంది.
అది నేలమట్టం. నీళ్లెంత లోతుకు పోతే
గీత అంత కిందికి దిగుతుంది.
అన్ని గీతలూ దిగుతూనే ఉన్నాయి, తలొంచుకుని.
ఇదొక్కటి, ఎర్రగుంటపల్లె బోరు,
ఏప్రిల్‌లో అరవై ఎనిమిది మీటర్ల దగ్గరుండి
మేలో నిటారుగా లేచి సున్నాను తాకింది.
మే నెలలో. అక్కడ.
గడ్డి తడిసేంత పైకి నీళ్లు.
రిపోర్టు మొత్తంలో అంత చక్కని చార్టు ఇంకోటి లేదు.

పదకొండవుతున్నా ఫోన్ చేశాను తిప్పేస్వామికి.
నెలనెలా టేపు పట్టుకుని తిరిగేది అతనే.
"మే రీడింగు ఎంత రాశావు?"
"ఏమీ రాయల్యా మేడం, అడ్డగీత పెట్టినా.
టేపంతా వదిల్నా. సద్దు రాల్యా.
గులకరాయి ఏసి చెవి పెట్టినా.
సద్దు రాల్యా."

ఫోన్‌లో అతని వెనకాల ఎవరో దగ్గుతున్నారు.
పడుకోమని చెప్పాను.

ఖాళీ కనబడితే సున్నా వెయ్యి.
ఆ వరుస రాసింది నేనే, పోయినేడాది,
లెక్క మధ్యలో ఆగిపోకూడదని.
ఒకడు బావి గట్టున చెవొగ్గి విన్న నిశ్శబ్దాన్ని
నిండుబావి చేసింది ఆ వరుస.
కొట్టేశాను.
గీత ఏప్రిల్ దాకా వచ్చి ఆగింది.
ఆ తర్వాత తెల్లకాగితం.
తొమ్మిది గంటలకు చూసిన తెలుపే,
కానీ అది కాదు.

మీటింగులో సారు ఆ పేజీ దగ్గర వేలు పెట్టి
"ఇది విరిగిపోయిందే అమ్మాయ్, సరిచెయ్యలేదా" అన్నారు.
"సరిచేశాకే విరిగింది సార్."
కళ్లద్దాలు పైకి తోసుకుని
చార్టు అడుగున నేను రాసిన చిన్నక్షరాలు
ఆయనే పైకి చదివారు:
మా టేపు పొడవు డెబ్బై మీటర్లే.