సూది మొన మీద తడి

చైత్రం ఎండల్లో, కాశీబుగ్గలో
గిన్నెలో ఉన్నంతసేపే రంగు రంగు.
సూది మొన దాకా వచ్చేసరికి
అదొక చిన్న పొక్కు.
కంటికి కనబడదు, వేలికి తగలదు.
గీతకి మాత్రం తెలుస్తుంది.
తిన్నగా పోతున్న వెంట్రుక
ఉన్నట్టుండి తుమ్ముతుంది.

తవిటయ్య గారు నేర్పుతానన్నవి మూడు మాటలు.
"ముందు గాలి ఒగ్గు, ఎనకాల రంగు.
ఆపినప్పుడు ముందు రంగాపు, ఆకర్ని గాలి.
మొనని గాలే కడుక్కుంటాది."
మూడోది?
"బీడీ కాల్చుకొచ్చి సెప్తాను" అని వెళ్ళి
మర్చిపోయారు.
నేనే వెతుక్కున్నాను, మందుల షాపులో:
పన్నెండు చుక్కల రంగుకి
ఒక్క చుక్క గ్లిజరిన్.
రెండు వేస్తే, పొద్దున్న పూసింది
రాత్రికీ వేలికంటుతుంది
ముదరని పాకంలాగ.

సూదికి కొత్త చెయ్యి కాదు నాది.
ఎనిమిదేళ్ళు జీడి ఫ్యాక్టరీలో
పగిలిన పిక్కలోకి మొన దూర్చి
గుండుని గుండుగానే బయటికి తీశాను.
బద్దయితే కూలి తెగేది.
జీడిసొన తినేసిన నా వేలిముద్రల్ని
ఆధార్ మిషను ఇప్పటికీ నమ్మదు.
ఆ వేళ్ళకి ఈ ట్రిగ్గరు
పిట్ట మెడంత మెత్తన.

ఢిల్లేసు బండి టాంకు పట్టుకొచ్చాడు,
మందస అవతల జీడితోట వాళ్ళది.
"ఎలుగ్గొడ్డు బొమ్మెయ్యి.
కళ్ళు ఎర్రగుండాల. నోరు తెరిసుండాల."
ఎడమ చెవి ఉండాల్సిన చోట అతనికి
మడత పెట్టిన చర్మం ఉంది.
చూడనట్టు చూశాను.
అడ్వాన్సు మూడొందలు.

ఎలుగంటే అంతా వెంట్రుకే.
నలుపు మీద నలుపు, మధ్యలో దొంగ నీలం,
రొమ్ము మీద విరిగిన గాజులా తెల్ల వంపు.
ఆరొందల దాకా లెక్కపెట్టి మానేశాను.
పది గీతలకోసారి
తడి కుంచెతో మొన తుడవడం,
పాత చీర ముక్క మీద ఉత్తి ఊదు ఒకటి,
మళ్ళీ పది.
ఫ్యాను ఆపాను.
పడమటి కిటికీకి తడి గోనె కట్టాను.
గాలితో పనిచేసేవాళ్ళకి
గాలే పగ.

మూడో రోజు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.
ఇంక కళ్ళే మిగిలాయి.
కప్పులో ఎరుపు పోశాను.
"ఆవేళ..." అన్నాడు.
ఆగిపోయాడు.
ఆ మాట మొన మీద
ఎన్నాళ్ళ నుంచి ఎండి ఉందో.

ఇప్పుడు నేనాగితే ఎరుపు గడ్డకడుతుంది.
ఆగకపోతే అతను.
గ్లాసు నీళ్ళలో మొన ముంచి
ట్రిగ్గరు మీంచి వేలు తీసేశాను.
చెప్పమని అనలేదు.
ఫ్యానూ వెయ్యలేదు.

"తెల్లారగట్ట పిక్కలేరతన్నాం.
తల్లెలుగు. ఈపు మీద రెండు పిల్లలు.
నన్ను సూసి అదే ముందు బెదిరిపోనాది.
నేనే... టార్చిలైటు మొకం మీద కొట్టీసినాను.
ఊర్లో అందరికీ
అదే వొచ్చి పడిపోనాదని సెప్పినాను."
కంప్రెసరు దానంతటదే గురకపెట్టి
నిండి, ఊరుకుంది.
"కళ్ళు ఎర్రగా నేవు.
సిన్నవి. నీలు కారతన్నట్టున్నాయి."

ఎరుపంతా డబ్బాలోకి ఒంపేశాను.
కప్పు కడిగాను, దాని గొంతు కడిగాను,
సూది వెనక్కి లాగి తుడిచాను,
ఎప్పుడూ మొన వైపుకే తుడవాలి,
ఎదురు తుడిస్తే వంగిపోతుంది.
ముదురు గోధుమ కలిపాను.
గ్లిజరిన్ ఒక చుక్క.
ఊహూఁ, ఈసారికి రెండు.

"నోరో?"
"మూసీ" అన్నాడు.
"పిల్లల్నీ వెయ్యనా?"
"టాంకు సిన్నది కదా."
అయినా మూత పక్కన,
పెట్రోలు పోసేవాడికే కనబడేలా
వీపు మీద రెండు చిన్న గుబుర్లు పెట్టాను.
వాటికి డబ్బులడగలేదు.

సాయంత్రం తవిటయ్య గారొచ్చారు.
బీడీ చెవి మీద పెట్టుకుని, వంగి,
ఎలుగు కంటి కింద గోటితో తట్టి చూశారు.
"ఇంకా ఆరనేదేటే గుంటా?"

"ఆరుతుందిలెండి" అన్నాను.