వేరే గ్లాసు

టెక్కలి ఆసుపత్రిలో పద్నాలుగో నంబరు గది ముందు
ఎవరూ నిలబడరు.
ఎదురుగా పళ్ళ డాక్టరు లైన్లో కాసేపుండి
ఇటు జారుకుంటారు.

అతనూ అలాగే వచ్చాడు, చెంప పట్టుకుని.
పేరు రాసుకోవడం నా ఉద్యోగం, చెప్పడం కాదు.
భావనపాడు అని మాత్రం అంటాను,
అక్కణ్ణుంచి వెరావల్ బోట్లెక్కే మగాళ్ళెందరో.

"ఒక్కసారే మేడమ్."
ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళూ ఒక్కసారే అంటారు.
నేను నమ్ముతాను.
నమ్మితేనే రెండో వాక్యం వస్తుంది.

వచ్చింది.
ఇంజను చెడి బోటు ఒడ్డున పడున్న రాత్రి,
అడ్వాన్సు డబ్బు జేబులో ఉన్న రాత్రి.
తొడుగు లేదు. ఇరవై ఆరు రోజులైంది.
"ఎన్నిసార్లకి ఒకసారి అంటుకుంటాదండి? లెక్క సెప్పండి."

నా దగ్గర లెక్కుంది, గోడ మీది చార్టులో లేనిది:
సగటున నూటికి ఒక్కటి కూడా కాదు.
చెప్పడానికి భయం,
చిన్న అంకె చెవిన పడగానే మనిషి లేచిపోతాడు.
చెప్పకపోతే అబద్ధం.
చెప్పాను. చెప్పి, గుమ్మంవైపు చూడనివ్వకుండా మిగతాదీ చెప్పాను:
సగటుకి ఒళ్ళుండదు, నీకుంది.
పుండో సుఖరోగమో ఉంటే ఆ అంకె పెరుగుతుంది,
అవతలి మనిషికి కొత్తగా సోకిన రోజులైతే ఇంకా పెరుగుతుంది,
ఆమె రోజూ మందు వేసుకుంటూ
రక్తంలో వైరస్ కనపడనంత తగ్గి ఉంటే సున్నా.
ఆమె ఎవరో నీకు తెలీదు.
తనకేముందో ఆమెకీ తెలియకపోవచ్చు.

అతను కిటికీలోంచి బయటికి చూశాడు.
"మా అన్న పోలయ్య ఇరవయ్యేళ్ళు ఏటకెల్లాడండి.
ఏడాదికి రెండొందల్రోజులేసుకోండి.
ఒక్కరోజు రాలేదు.
నూటికెంతవుద్దది?"

నా పెన్ను ఆగిపోయింది.
పన్నెండేళ్ళుగా ఈ బల్ల వెనక కూర్చుని
ఒక్కరికీ ఇంత బాగా చెప్పలేకపోయాను.

మూడురోజుల్లోపు వచ్చుంటే మందుండేదన్నాను,
ఆ మాట ఆలస్యంగా చెప్పడమంత పాపిష్టి పని ఇంకోటి లేదు.
హేమసుందర్ రక్తం తీశాడు.
కాసేపటికి కాగితం వచ్చింది: లేదు.
"ఇవాల్టికి లేదు. పరీక్షకి దొరకడానికి కొన్ని వారాలు పట్టొచ్చు.
మూడు నెలలకి మళ్ళీ చూద్దాం.
అందాకా ఇంట్లో తొడుగు లేకుండా..."

వాక్యం సగంలోనే అతను తల దించేశాడు.
"ఇంటికొచ్చి పదిరోజులండి.
వచ్చిన రోజే నా గ్లాసు యేరే ఎట్టీసినాను.
పల్లెం యేరే. తువ్వాలు యేరే.
గుంటని ముద్దెట్టుకోలేదు."

చాప?

చాప సంగతి చెప్పలేదు.
ఫ్యాను కిర్రుమంటూ తిరిగింది.

గ్లాసులోంచి రాదు నాయనా. పళ్ళెంలోంచి రాదు.
పిల్ల బుగ్గమీంచి రాదు.
పదిరోజులు నువ్వు కాపలా కాసిన తలుపులన్నీ
అది ఎన్నడూ తట్టని తలుపులు.

పొట్లాలిచ్చాను. పొగాకు సంచిలో దాచుకున్నాడు.
వెళ్ళేటప్పుడు మళ్ళీ చెంప పట్టుకున్నాడు.

రిజిస్టర్ మూసేలోగా
పళ్ళ డాక్టరు బెంచీ మీంచి ఒకామె లేచి వచ్చింది,
చంకలో నిద్రపోతున్న పిల్ల.
"ఆయనేటడిగినాడో సెప్పొద్దులెండి. సెప్పరని తెల్సు.
పలాస జీడిపప్పు ఫేట్రీలో మీలాంటోలే
మీటింగెట్టినారు, నానున్నాను."
పిల్లని భుజం మార్చింది.
"పదిరోజులుగా మా గూట్లో ఒక గ్లాసు
ఒక్కర్తీ ఉంటంది మేడమ్.
నాకు పల్లెం ఇసిరికొట్టాలని ఉంది.
ముందు రగతం తియ్యండి."

చెయ్యి బల్లమీద చాపి
గాజులన్నీ మోచేతిమీదికి తోసుకుంది.
నేను కొత్త అంకె వేశాను.
లెక్కేమీ అడగలేదామె.
రెండో శనివారం సెలవా అని మాత్రం అడిగింది,
మళ్ళా రావాలి కదా అని.